దీపాలు లేని వీధి

గదిలో లైటు తీసేస్తాను.
రొసెందో బార్రియా కుర్చీలో వెనక్కి వాలతాడు.
వేల గొర్రెల్ని వెల్లకిలా తిప్పిన మనిషి
ఇవాళ తన వంతు వచ్చినట్టు.

"దానిత్సా, నా పెళ్లి ఫొటోలు నువ్వే తీశావు.
అప్పుడు నవ్వమన్నావు."
ఇప్పుడు కదలొద్దంటున్నాను.
స్టూడియో మూసేసి పన్నెండేళ్లయింది.
నా కెమెరాకిప్పుడు ముఖాలతో పనిలేదు,
ముక్కు పక్కన నాలుగు మిల్లీమీటర్లు చాలు.

బయట పుంతా అరేనాస్ గాలి
ఇంటి కప్పు రేకుల్ని పట్టుకుని ఊపుతోంది.
ఇక్కడ సెప్టెంబరు వచ్చిందంటే
ఆకాశానికి పైపొర పలచబడుతుంది.
వానకబురు చెప్పినంత మామూలుగా రేడియోలో
ఇవాళ ఎండ ఏ రంగో చెబుతారు,
నారింజో, ఎరుపో.
చలికి వణుకుతూ ఎండకు భయపడమంటే ఎవరు వింటారు?
మొరిగే కుక్క కరవదంటారు కదా.
ఈ ఎండ మొరగదు.

జలసంధికి అవతల, నిప్పుల నేల అని పేరు పెట్టుకున్న
ఆ మంచుగాలి దీవిలో నలభై ఏళ్లు
ఉన్ని దించాడు. మిగతా కాలమంతా
గుర్రం మీద, మంద వెనక,
టోపీని గాలికి వదిలేసి.

"రోజూ క్రీము రాస్తున్నావా?"
"రోజూ."

దీపం వెలిగిస్తాను.
అందులో సగం వెలుగు మన కంటికి ఆనదు,
అంచు మాత్రం లేత వంకాయ నిగనిగలా కనబడుతుంది.
క్రీము ఉన్న చోటు ఈ వెలుగులో నల్లగా తేలుతుంది.
అతని ముఖమంతా వెతికితే ఒక్కటే నలుపు,
చెవి తమ్మె మీద, వేలెడు.
ఇవాళే, మా మెట్లెక్కుతూ, మా కోసం.
నేనేమీ అనను.
అనాల్సింది దీపం అనేసింది.

స్క్రీన్ నిండా ముక్కు.
రంధ్రం రంధ్రానికీ ఓ నారింజ చుక్క,
లోపల కాపురముండే సూక్ష్మజీవుల గుడ్డిదీపాలు.
తువ్వాలు పోగొకటి అంటుకుని
నీలంగా మెరుస్తోంది, ఏ సబ్బుపొడి పుణ్యమో.
రాత్రి ఫెర్రీలో వస్తుంటే ఒడ్డు ఇలాగే ఉంటుంది,
ఇల్లిల్లూ లెక్కపెట్టుకోవచ్చు.
ముక్కు మలుపు దగ్గర మాత్రం
ఒక వీధి లేదు.

పగటి వెలుగులో అక్కడున్నది
ఆవగింజంత ముత్యపు మెరుపు.
గడ్డం గీసుకుంటుంటే తెగిందనుకున్నాడట,
ఏడాదిన్నరగా అదే తెగిందట.

నొక్కుతాను. మళ్లీ నొక్కుతాను.
డాక్టర్ ఒర్యానా నా భుజం మీంచి చూస్తుంది,
ఆమె ఊపిరి కాసేపు ఆగడం నాకు తెలుస్తుంది.
పెన్ను తీసి చర్మం మీద ఒక సున్నా చుడుతుంది,
మేమనుకున్న దానికన్నా పెద్ద సున్నా.
"దీపానిది అనుమానం వరకే" అంటుంది.
"చిన్న ముక్క తీయాలి. గాజుపలక మీద చూడాలి.
పది రోజులు పడుతుంది."

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు.
ఇది తీయదు.
ముల్లు ఎక్కడ విరిగిందో చూపించి తప్పుకుంటుంది.
కాల్చినవాడి తమ్ముడే వచ్చి
కాలిన చోటు మీద వేలు పెట్టినట్టు.

తనకూ చూపించమంటాడు రొసెందో.
తెర దగ్గరికి వంగి, కళ్లు చికిలించి,
"ఇది పోర్వెనిర్ కదూ!" అంటాడు.
"ఇదిగో రేవు. ఇది చర్చి వీధి.
ఇది మా బావ కొట్టు."
అతని వేలు ఒక్కో దీపం దాటుకుంటూ వెళ్లి
చీకటి దగ్గర ఆగింది.
"ఇక్కడెవరుంటారు?"

ఎవరం చెప్పలేదు.

లైటు వేశాను. ముఖం మళ్లీ ముఖమైంది,
ముడతలు, పొడిబారిన పెదవి, సిగ్గు.
బల్ల మీది ట్యూబు తనే అందుకుని
సున్నా గీత చెరగకుండా, దాని చుట్టూ
కంచె వేస్తున్నంత ఓపికగా రాసుకున్నాడు.
తలుపు దాకా వెళ్లాడు.
వెనక్కి వచ్చి
కొక్కేనికున్న టోపీ తీసుకున్నాడు.